గుల్ల అంచున ఆఖరి గీత

గుల్లలు కడగడం నాకు ఒకరు నేర్పాలా అనుకున్నాను. అదీ నా పొగరు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మాస్టర్స్ రెండో ఏడు థీసిస్ కోసం మా ప్రొఫెసర్ నా ముందు ఒక గుల్లల పెట్టె పెట్టి, "నెమ్మదిగా, మెత్తటి బ్రష్‌తో" అని చెప్పి వెళ్ళింది. బుద్ధిగా తలూపాను. ఆవిడ అటు వెళ్ళగానే అందులోని ఒక పళ్ళెంలో ఉన్న గుల్లలన్నీ జల్లెడలో పోసి, గుప్పెడు గరుకు ఇసుక వేసి, నీళ్ళ కింద పెట్టి రెండు చేతులా గిరగిరా తిప్పాను.

మా ఇంట్లో అలాగే కడుగుతారు. మాది కాకినాడ అవతల మడ అడవుల పక్క ఊరు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ అమ్మ, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి దిగి, నడుము లోతు నీళ్ళలో కాళ్ళతో తడుముతూ గుల్ల ఏరేది. లోపలి మాంసం కూరకి, గుల్ల సున్నం బట్టీకి. మట్టి అంటుకుని ఉంటే సున్నం తెల్లగా రాదని బట్టీవాళ్ళు మొహం చిట్లించేవారు. అందుకే గోనెసంచిలో ఇసుకతో కలిపి వేసి, మేమిద్దరం చెరో కొసా పట్టుకుని కుదిపి కుదిపి కడిగేవాళ్ళం. తెల్లగా మెరిసేదే మంచి గుల్ల అని నా చిన్నతనమంతా నమ్మాను.

ఈ పెట్టెలోవి వేల ఏళ్ళ కిందటివి. బాల్టిక్ తీరాన బతికిన మనుషులు ఏరుకొచ్చి, తిని, ఒకేచోట పారేస్తూ పోతే దిబ్బ అయింది. అడుగు పొరల్లో అరచేయంత ఆల్చిప్పలు. పైకి వచ్చేకొద్దీ అవి చిన్నవైపోయి, తర్వాత దాదాపు కనబడవు. వాటి బదులు ఒళ్ళంతా నిలువు చాళ్ళున్న చిన్న గుల్లలు మొదలవుతాయి. నీళ్ళలో ఉప్పు తగ్గింది, ఆల్చిప్పలు బతకలేకపోయాయి. మనుషులు మాత్రం వెంటనే ఎటూ పోలేదు, దొరికింది తిన్నారు. మరి ఏడాది పొడుగునా ఈ చిన్నవాటి మీదే బతికారా, వేరే తిండి దొరకని కాలంలో మాత్రమే వీటికి దిగారా? అదే నా థీసిస్. గుల్ల పెరిగేకొద్దీ అంచున ఒక్కో గీత చేరుతుంది. ఆఖరి గీత చూస్తే, దాన్ని ఏడాదిలో ఏ కాలంలో నీళ్ళలోంచి తీశారో తెలుస్తుంది.

నేను ఇసుకేసి తిప్పింది పైపొర పళ్ళెం. అంటే ఆ చోట వాళ్ళు ఆఖరున తిన్న తిండి. ఆరాక ఒకదాన్ని కోసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అంచు నున్నగా, గుండ్రంగా ఉంది. ఆఖరి గీత లేదు. ఇంకోటి కోశాను, దానికీ లేదు. అలాంటి పైపొర ఇంకో పెట్టెలో లేదు, ఆ తీరంలో మిగిలిన భాగం ఎప్పుడో సముద్రం కిందకి పోయింది. వేల ఏళ్ళు మట్టి పదిలంగా దాచిన దాన్ని నేను పది నిమిషాల్లో అరగదీసేశాను.

నా రూమ్మేట్ కరీంనగర్ పిల్ల, మైనింగ్ చదువుతోంది. విషయం విని ఇట్టే తేల్చేసింది.

"ఎందుకు జెప్తవే? అవి అట్లనే అరిగి వచ్చినయని రాయి. ఎవరికెర్క? థీసిస్ తీసేస్తే ఇంకో ప్రొఫెసర్ దొరికేదాంక వీసా సంగతేంది?"

ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రెండు రోజులు ఆ మాటే పట్టుకుని తిరిగాను. 'అంచులు సహజంగా అరిగి ఉన్నాయి' అని వాక్యం కూడా రాసుకున్నాను. చూడ్డానికి చాలా మర్యాదగా ఉంది, అబద్ధంలాగే లేదు.

ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఇప్పుడు గుల్లకి వెళ్ళడం లేదు, రొయ్యల షెడ్డులో ఐసు మీద రొయ్యలు ఒలుస్తుంది.

"ఏంటే, గొంతలాగుంది?"

చెప్పాను. ఇసుకేసి తిప్పానన్న మాట దగ్గర నవ్వేసింది. "మరి నేన్నేర్పిన పనే కదే!" అంది, కాస్త గర్వంగానే. ఆ అంచులో ఏముంటుందో వివరించాక నవ్వు ఆగిపోయింది.

"ఎల్లి సెప్పెయ్యి. అరిగొచ్చిందని నువ్వు రాసేత్తే, ఆళ్ళు తిన్న తిండి మీద అబద్దమాడినట్టే కదా. సచ్చిపోయినోళ్ళు వచ్చి కాదంటారా?"

సోమవారం పొద్దున్నే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, లేకుండా ప్రొఫెసర్ తలుపు తట్టాను. ఆవిడకి అరవై దగ్గరపడుతున్నాయి, గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు. నేను చెప్పినదంతా విని, పళ్ళెం తెప్పించుకుని, భూతద్దంతో ఒక్కో గుల్లనీ చూసింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

"ఈ పళ్ళెం పోయినట్టే," అంది చివరికి. తర్వాత ఆ చిన్న గుల్లల మధ్య ఉన్న ఒకే ఒక్క పెద్ద ఆల్చిప్పని తీసి, వీపు మీదున్న చిల్లు చూపించింది. "దీనికి చిల్లు కూడా పడింది."

"అది నేను చేయలేదు!" అన్నాను, అవసరమైన దానికన్నా గట్టిగా. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన దాన్నే, కానీ చేయని తప్పు కూడా నా నెత్తిన పడేసరికి ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే హాస్టల్‌కి పరుగెత్తి, వంటింటి సొరుగులోంచి నా ఆల్చిప్ప తెచ్చాను.

నేను వచ్చేటప్పుడు అమ్మ సూట్‌కేసులో పెట్టిన చిప్ప అది. వీపు భాగాన్ని రాతి మీద అరగదీసి చిల్లు చేసింది. ఆ చిల్లు అంచుతోనే మేం మామిడికాయల చెక్కు తీస్తాం. ఇక్కడ పుల్ల మామిడి దొరకక బంగాళదుంపలతో సరిపెట్టుకుంటున్నాను. రెండు చిప్పల్నీ పక్కపక్కన పెట్టి చూపించాను. రెండిటి చిల్లు చుట్టూ చదునుగా ఉంది, గీరలన్నీ ఒకేవైపు పోతున్నాయి. నా ఇసుక పెట్టిన గీరలైతే అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఆవిడ చాలాసేపు చూసి, "దీంతో ఏం చేస్తారు?" అని అడిగింది. బల్ల మీదున్న ఆవిడ ఆపిల్ తీసుకుని చెక్కు తీశాను. పల్చగా, తెగకుండా దిగింది.

ఆ కాలపు మనుషులు దాన్ని దేనికి వాడారో మనకి తెలియదని ఆవిడ అంది, నిజమే. చేసింది మాత్రం మనిషి చెయ్యేనని ఒప్పుకుంది. థీసిస్ నా దగ్గరే ఉంచింది. పైపొర సంగతి దాచకుండా, నేను ఎలా కడిగానో నా మాటల్లోనే రాయమంది. రాశాను. పైపొర గుల్లలు ఏ కాలంలో ఏరారో తెలియదు, కారణం నేను. రాస్తూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ముగింపు రాసేటప్పుడు మళ్ళీ అమ్మే గుర్తొచ్చింది. మా మొగ కూడా మారిపోయింది. ఇసుక మేట వేసి దారి మూసుకుపోయింది, గుల్ల గోరంత అయింది. అమ్మ మొదట చిన్నవాటితో సరిపెట్టుకుంది, తర్వాత మడ లోపలికి జరిగింది, ఆ తర్వాత షెడ్డుకి చేరింది. నేను అప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతూ ఇవేవీ అడగలేదు. ఆ రోజు అడిగాను.

"అమ్మా, నువ్వు ఆఖరిసారి గుల్లకి దిగింది ఎప్పుడు? ఎండాకాలమా, వానలప్పుడా?"

ఫోన్లో వెనక ఐసు కొడుతున్న చప్పుడు.

"గుర్తులేదే. ఎప్పట్లాగే ఎల్లాను, ఎప్పట్లాగే వచ్చాను. అదే ఆకరని తెలిత్తే గుర్తెట్టుకుందును కదా."