తప్పు చీటీ పట్టుకుని ఈరమ్మ చేనికి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా మాధవరం పోయే దారిని చాలామంది బస్సులో కునికిపాట్లు పడుతూ దాటేస్తారు. డెబ్భైల చివర్లో నేను ఆ దారిన పోయింది ఒక తప్పు ఒప్పుకోవడానికి. అప్పుడు ఆదోనిలో మట్టి పరీక్షల ఉద్యోగంలో కొత్తగా చేరాను. మాధవరానికి ఇవతల ఒక పల్లెలో ఈరమ్మ అనే రైతుకు మూడెకరాల చేను ఉండేది. వేసవిలో ఆ చేని మట్టి తీసింది నేనే. ఎండకు ఓర్వలేక, గట్టు పక్కనే ఒక్క గుంట తవ్వి సంచి నింపుకున్నాను. పరీక్షలో సారం ఎక్కువని తేలింది. ఎరువు అక్కర్లేదని చీటీ రాసిచ్చాను. అది నమ్మి ఆమె, ఏటా ఎరువు కోసం చేనులో నిలిపించే గొర్రెల మందను ఆ ఏడు వద్దంది. కార్తీకం వచ్చేసరికి జొన్న ఆకు పసుపు తిరిగిందని కబురొచ్చింది.

ఉదయం ఆరుకు ఆదోనిలో బస్సెక్కాను. టికెట్టు రెండు రూపాయల లోపే. పత్తి మిల్లుల వైపు నుంచి లేచిన దూది మంచులో తేలుతోంది. ఏది మంచో ఏది దూదో తెలియలేదు. ఊరు దాటాక నల్లరేగడి చేలు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా ఆవిరి వదులుతున్నాయి. గంటకు పైగా ఆ మసకలోనే సాగి ఎమ్మిగనూరు చేరాం. బస్టాండు ముందు వేడి బొరుగుల ఉగ్గాని తిని, మాధవరం బస్సెక్కి, పల్లె మలుపులో దిగాను. అక్కడి నుంచి రెండు మైళ్లు. మల్లన్న అనే ఆయన తన ఎద్దులబండి ఎక్కించుకున్నాడు. ఎవరికోసం పోతున్నానో చెప్పాక వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు.

“మట్టి సారువు నువ్వేనా? ఆయమ్మ నీ కాగితాన్ని శానా నమ్మింది సారూ” అన్నాడు.

ఈరమ్మ చేనులో కలుపు తీస్తోంది. యాభై ఏళ్లుంటాయి. ఎక్కడ తవ్వానో చూపించి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె ఆ చోట ఒక పెళ్ల విరిచి వాసన చూసింది.

“ఈడ తవ్వినావా అప్పా? మా అత్త కాలంనాడు ఈడ పెంటదిబ్బ ఉండె. దీన్ని అడిగితే కడుపు నిండిందనే సెప్తాది. మిగతా సేనును నువ్వు అడగనే లేదు.”

నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“అనుమానం వచ్చె. సదివినోడు రాసిచ్చినాడు కదా అని నోరు మూసుకుంటి.”

ఆమె కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ పంటకు ఇక చేయగలిగింది పెద్దగా లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూట చేనంతా వంకరటింకరగా నడిచి, పదిచోట్ల జానెడు లోతు తవ్వి, మట్టిని గుడ్డ మీద కలిపాం. ఎక్కడ చౌడు పొంగుతుందో, ఎక్కడ వాననీరు నిలుస్తుందో ఆమె చెబుతుంటే రాసుకున్నాను. పక్క చేలవాళ్లు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. నేను నత్రజని, భాస్వరం అని మొదలుపెట్టాను. వాళ్లు మర్యాదగా తలలూపారు. ఈరమ్మ నన్ను ఆపి, పదిచోట్ల ఎందుకు తవ్వామో తన మాటల్లో చెప్పింది. పదిమంది ఉన్న ఇంట్లో ఒకడు తిన్నాడని పొయ్యి ఆర్పేస్తామా అని అడిగింది. ముగ్గురిలో ఇద్దరు అప్పుడే తమ చేలకు రమ్మన్నారు. మధ్యాహ్నం ఆమె పెట్టిన జొన్నరొట్టె, శనక్కాయల పొడి తల ఎత్తకుండా తిన్నాను.

ఆ ఏడు ఆమెకు పంట సగమే వచ్చింది. కొత్త చీటీలో సారం తక్కువని తేలింది. ఈసారి దాన్ని నేనే చదివి వినిపించాను. వేసవిలో గొర్రెలు మళ్లీ ఆ చేనులో పడుకున్నాయి, మరుసటి జొన్న ఆకు నలుపు తిరిగేంత పచ్చగా తేలింది. తర్వాత ఎన్నో పల్లెలు తిరిగాను. ఎక్కడికి పోయినా ముందు రైతును మాట్లాడనిచ్చి, ఆ తర్వాతే పార పట్టాను. నేను చదువుకున్నది అబద్ధం కాదు. దాన్ని ఒక మనిషి చేతిలో పెట్టడం మాత్రం నాకు ఆ చేనులోనే వచ్చింది.

ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క మాట. కార్తీకంలో, ఆదోని నుంచి మొదటి బస్సుకే బయలుదేరండి. పది దాటితే మంచు కరిగి, ఆ చేలు మామూలు చేలైపోతాయి.