ఈ ఏడాది దీనా చెప్పిన సాక్ష్యం

అనకాపల్లిలో ఆ రేకుల చర్చికి వెళ్ళేవాళ్ళని ఎవర్నడిగినా సరే, దీనా పేరు చెబితే ముందు నవ్వుతారు, తర్వాత స్తోత్రం అంటారు. నవ్వు ఆమె నోటికి, స్తోత్రం ఆమె ఒంటికి.

నోటి సంగతి చెప్పాలంటే, దీనా ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. ఎవరైనా కూర పారబోస్తే "ఇంటికాడ పచ్చడి మెతుకులు, ఇక్కడికొచ్చి మారాణీలైపోతారేటే!" అని ఆమె అరిచే అరుపు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఇక ఒంటి సంగతి. ఆరేళ్ళ కిందట ఆమెకి ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. కేన్సర్ అన్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. జుట్టంతా ఊడింది, మళ్ళీ మొలిచింది, మనిషి మళ్ళీ వచ్చి గంగాళం ముందు నిలబడింది.

అప్పట్నుంచీ ఏటా అక్టోబరులో కృతజ్ఞతల ఆదివారం నాడు దీనా సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. వేరేవాళ్ళ సాక్ష్యాలకి ఆవలించే జనం ఆమె లేచేసరికి సర్దుకుని కూర్చుంటారు. ఆమె ఒక మాట చెప్పి ఆగుతుంది, జనం "స్తోత్రం!" అంటారు. మళ్ళీ ఒక మాట, మళ్ళీ "స్తోత్రం!" ఐదేళ్ళు నిండినప్పుడైతే పాస్టరు వరప్రసాదరావుగారు కోడికూరతో భోజనాలు పెట్టించారు. ఐదేళ్ళు దాటితే గండం గడిచినట్టేనని, ఇక ఆ జబ్బు జన్మలో ఇటు తిరిగి చూడదని అందరూ తీర్మానించేసుకున్నారు. ఆ మాట ఏ డాక్టరు చెప్పాడో ఎవరూ అడగలేదు. కోడికూర తింటూ ఎవరడుగుతారండీ!

ఈ ఏడాది వానల్లో దీనాకి నడుం నొప్పి పట్టుకుంది. గంగాళాలు ఎత్తి దించే మనిషికి నడుం నొప్పి రాక ఇంకేం వస్తుంది? బామ్ రాసుకుంది. ఇసక వేయించి కాపడం పెట్టుకుంది. పొరుగింటి తలుపులమ్మ వేణ్ణీళ్ళు పోసి, "పట్టేసింది వదినా, నాలుగు రోజుల్లో అదే ఒగ్గేత్తాది" అంది. ఒగ్గలేదు. పనిలో ఉంటే నొప్పి పెరగాలి, పడుకుంటే తగ్గాలి. ఈ నొప్పి పడుకుంటేనే ఎక్కువయ్యేది. భర్త బెన్‌హర్ ఆటో నడుపుతాడు. అందులో కూర్చుంటే స్పీడు బ్రేకరు దగ్గర దీనాకి ప్రాణం నోట్లోకి వచ్చేది. చివరికి అతనే బలవంతాన విశాఖపట్నం తీసుకెళ్ళాడు.

స్కాన్ తీశాక డాక్టరమ్మ తన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అలా లాక్కున్నప్పుడే దీనాకి సగం అర్థమైపోయింది.

"ఇది కొత్త జబ్బు కాదమ్మా. అప్పటి రొమ్ము కేన్సరే వెన్నెముకలోకి, తుంటిలోకి వెళ్ళింది. ఎముకలో ఉన్నా అది రొమ్ము కేన్సరే."

"దీన్నీ కోసి తీసేత్తారా అమ్మా?"

"లేదమ్మా. ఇది పూర్తిగా పోయేది కాదు. మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతూ అదుపులో పెట్టుకోవాలి. అలా వాడుకుంటూ ఏళ్ళ తరబడి పనులు చేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు. మీకు ఎన్నేళ్ళని మాత్రం నేను మాటివ్వలేను."

"మరి ఐదేళ్ళు దాటిపోయేయి కదా?"

"పదేళ్ళు దాటాకైనా రావచ్చు. అందుకే కొత్త నొప్పి తగ్గకపోయినా, దగ్గు తగ్గకపోయినా వచ్చి చూపించుకోమంటాం."

ఇల్లు చేరాక బెన్‌హర్ తలుపు మూసి, "ఎవరికీ సెప్పకే దీనా" అన్నాడు. "మనోళ్ళ సంగతి నీకు తెల్దా? విశ్వాసం సన్నగిల్లింది, అందుకే తిరగబెట్టింది అంటారు. ఆ మాట నేను ఇనలేను."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ ఒక్క మాటా మింగింది. మింగింది గాని అరగలేదు. అన్నం వారుస్తున్నా భయమే, ఉల్లిపాయలు తరుగుతున్నా భయమే. చచ్చిపోతానన్న భయం ఒకటి. అంతకంటే ముందు, కృతజ్ఞతల ఆదివారం నాడు అంతమంది ఎదుట ఏం చెప్పాలన్న భయం. పాస్టరుగారు హాస్టలు గుమ్మం దగ్గర ఆగి, "దీనమ్మా, ఈసారి నీ సాక్ష్యం ఆఖర్న పెట్టాను. కొత్తవాళ్ళు వస్తున్నారు" అన్నారు. దీనా తలూపింది. ఊపకేం చేస్తుంది?

శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసుకి పావని వచ్చింది. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే పిల్ల. దానికీ రెండేళ్ళ కిందట రొమ్ముకి ఆపరేషనైంది. రెండో చరణంలో దగ్గు తెర వచ్చి పాట ఆపేసింది.

"ఎన్నాళ్ళ నుంచే ఆ దగ్గు?" అంది దీనా.

"వానల కాణ్ణించి అక్కా. మెట్లెక్కితే ఆయాసం కూడా వత్తంది. గుడ్డల దుమ్ములే."

"చెకప్‌కి ఎల్లేవా?"

"మానేసేను. ఎందుకక్కా, నువ్వున్నావు కదా! నీకు పోయినట్టే నాకూ పోయింది. నిన్ను సూసే నా ధైర్యం."

చుట్టూ ఆడవాళ్ళు, పక్కన హార్మోనియం, దీనా పాటల పుస్తకంలో పేజీ తిప్పింది. చెబితే మొగుడు తలెత్తుకోలేడు, చెప్పకపోతే ఈ పిల్ల దగ్గుతూ కూర్చుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. గుమ్మంలో బెన్‌హర్ చెవి దగ్గర, "పాత సాక్ష్యమే సెప్పెయ్యే" అన్నాడు. పిలుపు వచ్చాక దీనా బల్ల పట్టుకుని లేచి, మైకు అందుకుంది.

"ఆరేళ్ళ కిందట నాకు జబ్బు సేసింది."

"స్తోత్రం!"

"విశాపట్నంలో ఆపరేషన్ సేసేరు."

"స్తోత్రం!"

"దేవుడు నన్ను నిలబెట్టేడు."

"స్తోత్రం!"

"మొన్న స్కాన్ తీసేరు. కేన్సర్ నా ఎముకల్లోకి వచ్చేసింది."

"స్తోత్రం!"

అనేశారు. అన్నాక గాని తాము దేనికి స్తోత్రం అన్నారో వాళ్ళకి తెలియలేదు. ముందు వరసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు సగం లేచి పాట ఎత్తమని సైగ చేశారు. హార్మోనియం ఒక్కసారి మూలిగింది.

"ఆగండి అయ్యగారూ, నాదింకా అవలేదు" అంది దీనా. అచ్చం హాస్టల్లో అరిచే గొంతు. హార్మోనియం ఆగిపోయింది.

"రొమ్ము కేన్సర్. ఆడోళ్ళ జబ్బు, ఆడోళ్ళ జబ్బు అని గొణుక్కుంటారు, దాని పేరు అదీ. ఐదేళ్ళు దాటితే రాదనుకున్నాం. నాకొచ్చింది. విశ్వాసం తగ్గి రాలేదు, తగ్గుంటే ఈ నడుంతో ఇక్కడ నిలబడేదాన్నా? ఇది పోదంట. మందుతో బతకాలంట. బతుకుతాను, రేపు కాకపోతే ఎల్లుండి వంటకీ పోతాను. నాకు భయమేస్తంది, అదీ దాచను. గాని ఒకపాలి ఇది వచ్చినోళ్ళు నన్ను సూసి ధైర్యం తెచ్చుకుని ఇంట్లో కూకోవద్దు. నొప్పి తగ్గకపోయినా, దగ్గు తగ్గకపోయినా ఎల్లి సూపించుకోండి."

ఆఖరి మాట ఆమె పావని మొహంలోకి చూస్తూ అంది. ఎవరూ స్తోత్రం అనలేదు. పావని లేచి, చెప్పులు వెతుక్కుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. దీనా మైకు దించి నడుం పట్టుకుంది. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి బెన్‌హర్ కుర్చీ ఎత్తుకొచ్చి ఆమె వెనక వేశాడు. అందరి ఎదుటా ఆమె భుజం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం ఇద్దరూ పావని ఇంటికి వెళ్తే వాళ్ళత్త గుమ్మంలోనే, "తలనొప్పని పడుకుంది" అంది. దీనా, "రేపు పొద్దున్నే బస్టాండులో ఉంటానని సెప్పండి. నా ఇంజెక్షన్‌కి విశాపట్నం ఎల్తన్నాను" అని చెప్పి వచ్చేసింది.

పొద్దున్న బస్సు నిండుతోంది. పక్క సీటులో దీనా తన సంచి పెట్టింది. ఎవరో అడిగితే, "మనిషి వత్తాది" అంది. రాదేమోనని లోపల పీకుతూనే ఉంది. అంతమందిలో పరువు తీసినట్టయిందా? ఇక చచ్చినా వెళ్ళనని పంతం పట్టిందా? డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. దీనా కిటికీలోంచి మెడ సాచి చూస్తూనే ఉంది.

ముందు దగ్గు వినబడింది. తర్వాత పావని ఎక్కింది, చంకలో పాత రిపోర్టుల కవరు.

"అంతమందిలో నన్నే సూసి సెప్పేవు" అంది కూర్చోకుండానే.

"నిన్నే సూసేను. కూకో."

పావని సంచి జరిపి కూర్చుంది. బస్సు లంకెలపాలెం దాటాక నెమ్మదిగా, "అక్కా, నాకేటీ లేదని తేలితే?" అంది.

"వచ్చే ఆదివారం నువ్వు సాక్ష్యం సెప్దువుగాని."

"ఉందని తేలితే?"

దీనా ఆ పిల్ల చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "అప్పుడూ నువ్వే సెప్దువుగాని. నేను నీ పక్కనే ఉంటాను. నాకో కుర్సీ మాత్రం ఎయ్యించు, నిలబడలేను."

పావని ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. దీనా వీపు నిమురుతూ, "ఇంకెంత దూరం బాబూ?" అని కండక్టరుని అడుగుతూనే ఉంది.