కాలనీకి ఒకటో నంబరు నేనే

ఒక్క అంకె మార్చి, గోదావరిఖనిలో మా క్వార్టర్ల కాలనీ మొత్తాన్నీ లోకం నుంచి విడగొట్టిన మొనగాణ్ని నేను. మీరు నవ్వితే నవ్వండి. ఆ సాయంత్రం మాత్రం మా దగ్గర ఒక్కరూ నవ్వలేదు.

రాష్ట్రం రాకముందు మాట. కాలనీలో ఇంటింటికీ నెట్ తీగ లాగినవాడు సదన్న. బజారులోని ఆయన షాపులో ఒక డబ్బా ఉండేది. బయటి లోకానికి మా అందరికీ కలిపి ఆ డబ్బాదే చిరునామా. లోపల వాడుకోవడానికి మాత్రం తలా ఒక నంబరు. ఒకటో నంబరు డబ్బాది, నాది ఎక్కడో చివర. మేం ఎవరి దగ్గరికైనా వెళ్లవచ్చు, మా దగ్గరికి నేరుగా ఎవరూ రాలేరు. మందమర్రిలోని మా మేనబావ నా కంప్యూటర్‌లోకి వచ్చి నాతో ఆట ఆడాలంటే దారే దొరికేది కాదు.

"గింత పెద్ద కంప్యూటర్ కొన్నవ్, ఇంటికి తొవ్వ లేదా?" అని ఫోన్లో ఎత్తిపొడిచేవాడు. నాకు ఒళ్లు మండేది.

సదన్నను బతిమాలాను. "అన్నా, డబ్బాల నా నంబరుకు జర తొవ్వ ఇయ్యరాదే."

"నీకిస్తె అందరడుగుతరు తమ్మీ. పోయి సదువుకో."

నా కంప్యూటర్ మీద నాకే పెత్తనం లేదా? లోకమంతా ఒకటో నంబరుకే వస్తున్నప్పుడు, ఆ ఒకటో నంబరు నేనే అయిపోతే సరి. మార్చి చూశాను. ఆ నంబరు ఇంకొకరిదంది కంప్యూటర్. ఇంతలో బజారులో కరెంటు కోత. మా బొగ్గుగని కంపెనీ క్వార్టర్లకు కోత ఉండదు, మీకు తెలిసిందే. డబ్బా ఆగింది, ఒకటో నంబరు కుర్చీ ఖాళీ అయింది, నేనెక్కి కూర్చున్నాను.

బజారుకు కరెంటు వచ్చింది. నెట్ మాత్రం నాతో సహా ఎవరికీ రాలేదు. డబ్బా కాలిపోయి ఉంటుందని సదన్నను తిట్టుకున్నాను.

పక్కింటి స్వరూప ఏడుపు మొహంతో వచ్చింది. "అన్నా, నెట్ల ఇంజనీరింగ్ కాలేజీల ఆప్షన్లు పెట్టుకునుడు ఇయ్యాల్నే ఆఖరు. ఐదింటికి బందైతది. నెట్ సెంటర్ల గూడ వస్తలేదు."

నెట్ సెంటర్ కూడా సదన్న తీగ మీదే నడిచేది. ఫోన్ చేసి పిలిపించాను. ఆయన వచ్చి, కాలనీ తీగలన్నీ కలిసే మా మెట్ల కింది ఇనుప పెట్టె తెరిచి, "డబ్బా మంచిగనే ఉన్నది. ఎవడో లోపల్నే గెలికిండు" అన్నాడు.

"వాడెవడైతేంది, నెల దాక వాని తీగ కోసెయ్యాలె" అని తీర్పు చెప్పాను. చుట్టూ చేరినవాళ్లు భేష్ అన్నారు.

"నా డబ్బా నంబరు వాడు పెట్టుకున్నడు. అందరు వాని కాడికే పోతున్నరు, ఆడికెల్లి బయటికి తొవ్వ లేదు."

ఆ ఎవడో నేనే. కొండనాలుకకు మందేస్తే కాలనీ నాలుకంతా ఊడింది.

"మంచినీళ్లు తాగొస్త" అన్నాను, పోయి నంబరు మార్చేద్దామని.

"ఎవరు కదలకుండ్రి" అన్నాడు స్వరూప తండ్రి రాజయ్య కాక. డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

వాడి తీగ పీకితే నెట్ తిరిగొస్తుందని సదన్న ఒక తీగ పీకాడు. "రాలే" అంది కంప్యూటర్ ముందు కూర్చున్న స్వరూప, వాళ్లింటి కిటికీలోంచి. ఇంకోటి పీకాడు. "రాలే." మా తీగ అటు చివర ఉంది. ఐదు దగ్గర పడుతోంది. ఇక ఆగలేకపోయాను.

"అన్నా, ముందుగాల గా చివరిది గుంజు."

"ఎందుకే?"

"ఎందుకో... అనుమానం."

గుంజాడు. కాసేపటికి "వచ్చింది, వచ్చింది" అని కిటికీలోంచి కేక. గడువులోపే ఆ పిల్ల కాలేజీలన్నీ పెట్టుకుంది.

రాజయ్య కాక ఆ తీగకు కట్టిన చీటీ మీద మా క్వార్టర్ నంబరు చదివాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"అనుమానం మస్తు కరెక్టున్నది బిడ్డా. నెలే అన్నవ్ గదా?"

ఆ నెలంతా తెగిన తీగను చూస్తూ నిష్ఠగా ఒక ప్రతిజ్ఞ చేసుకున్నాను. దొంగెవడో తేలకముందు ఈ జన్మలో శిక్ష ఖరారు చేయను. తప్పనిసరైతే, ఒక్క పూటకు మించి అడగను.