మారిషస్ సముద్రం అడుగున నా బొటనవేలు

ఆ రోజుల్లో నాకు సముద్రం అంటే కోటు వేసుకుని చూసేది. కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, మాస్టర్స్ కోసం ఇంగ్లండ్ చేరినదాన్ని. మొట్టమొదటిసారి సముద్రాన్ని చూసింది బ్రైటన్‌లో, అదీ ఏప్రిల్ నెలలో, ముక్కు ఎర్రబడిపోయి, చేతిలో చిప్స్ పొట్లం పట్టుకుని. (ఆ చిప్స్ కూడా నేను తినలేదు, సీగల్ పక్షి తిన్నది.) ఒడ్డంతా గులకరాళ్లు. నీళ్లు మా ఇంటి ముందు వానాకాలం నిలిచే నీళ్ల రంగులో ఉన్నాయి. ఇంతదానికి జనం ఇంత హడావిడి ఎందుకు చేస్తారో నాకు బోధపడలేదు. అలాంటి నాకు, బ్రాక్‌నెల్‌లోని కంపెనీలో ట్రైనీగా చేరిన కొద్ది నెలలకే ఒక మెయిల్ వచ్చింది. మారిషస్‌లో మా కంపెనీకి ఒక ఆఫీసు ఉందట, మా బ్యాచ్ మొత్తాన్ని రెండు వారాల శిక్షణకు అక్కడికి పంపిస్తారట. నేను ఆ మెయిల్ చదివి లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియక వెళ్లి టీ పెట్టుకుని వచ్చి మళ్లీ చదివాను.

లండన్ శివారు హౌన్స్‌లోలో మేము అమ్మాయిలం కలిసి ఉండే ఇంట్లో ఆ సాయంత్రం పండగే. ఒకామె తన గాగుల్స్ ఇచ్చింది, ఇంకొకామె తన పూల టోపీ ఇచ్చింది. ఇండియా పాస్‌పోర్టుకు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదని తెలిసినప్పుడైతే ఆ పాస్‌పోర్టును నేను కళ్లకద్దుకున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే మాత్రం ఒకటే మాట. "బిడ్డా, ఆఫీసు పని జూస్కొని రా. నీళ్లలకు దిగకు. నీకు ఈత రాదు."

"నీళ్లలకు ఎందుకు దిగుతనే అమ్మా? గదిల కూసుండి కంప్యూటర్ ముందట పని జేసుడే" అన్నాను. ఆ క్షణాన నేను నిజంగానే అలా అనుకున్నాను. రోటా సార్ సంగతి నాకప్పటికి తెలియదు.

రోటా సార్ అంటే మా శిక్షణకు పెద్దదిక్కుగా వచ్చిన మేనేజర్. యాభై దాటిన ఇంగ్లీషాయన, తాటిచెట్టంత పొడుగు. పేరు పెట్టి పిలవమని ఆయన ఎంత చెప్పినా నాకు నోరు వచ్చేది కాదు. పేరు మింగేసి "సార్" అనేదాన్ని. దేనికైనా రోటా, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేయాలో రాసిన పట్టిక, వేయడం ఆయన అలవాటు. ఎవరెప్పుడు ప్రెజెంటేషన్ ఇవ్వాలన్నది సరే, సాయంత్రాలూ శనాదివారాలూ మేము ఎలా సరదాగా గడపాలన్నది కూడా రోటాలో పెట్టేశారు. ఒక సాయంత్రం బీచ్‌లో వాలీబాల్, ఒక సాయంత్రం బజారు, ఒక మధ్యాహ్నం పెద్ద తాబేళ్లు. "ఫన్ ఈజ్ కంపల్సరీ" అని నవ్వకుండా అనేవారు.

నిజం చెప్పొద్దూ, మొదటి వారం నేను నేల మీద నడవలేదు. ఆ దీవి రంగులు చూసి నాకు పిచ్చెక్కింది. సముద్రం ఒడ్డు దగ్గర పచ్చగా, కొంచెం దూరం పోతే నీలంగా, ఇంకా అవతల నెమలి మెడ రంగులో ఉంది. నేల కూడా ఒకచోట ఎర్రగా, ఊదాగా, పసుపుగా మడతలు పడి ఉంది, రంగులద్దిన చీరలను ఆరబెట్టినట్టు. రోడ్డు పక్కన అనాసపండు కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చారు. తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. (కారానికి కాదు, ఇంగ్లండ్‌లో పండు మీద కారం చల్లేవాళ్లు లేక అన్నాళ్లూ మొహం వాచి ఉన్నాను.) వాళ్ల పప్పు రొట్టె ఒకటుంది, మన బొబ్బట్టులో బెల్లం వేయడం మర్చిపోయినట్టు ఉంటుంది. అది నేను ఎన్ని తిన్నానో చెప్పను. తాబేలు మెడ కింద గోకితే అది మెడ చాచి, కళ్లు మూసుకుని, ఇంకా గోకమన్నట్టు నిలబడింది. నా వెంట ఎప్పుడూ ఇల్ఫర్డ్ పిల్ల ఉండేది. మా బ్యాచే, లండన్‌లోని ఇల్ఫర్డ్‌లో పుట్టి పెరిగిన హైదరాబాదీల అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నోటి వెంట వచ్చే తెలుగు ముక్క ఒక్కటే, "అక్కా".

శనివారం రోటాలో 'సముద్రం అడుగున నడక' అని ఉంది. నేను ముందే చేతులెత్తేశాను. కానీ పడవ మీది వాళ్లు చెప్పింది విన్నాక నా మనసు గంతులేసింది. ఈత అక్కర్లేదట. తల మీద గాజు కిటికీ ఉన్న పెద్ద హెల్మెట్ పెడతారు, పైనుంచి గొట్టంలో గాలి వస్తుంది, జుట్టు కూడా తడవదు, నిచ్చెన దిగి ఇసుకలో నడవడమే. పక్కన ఈతగాడు ఉంటాడు. నేను అమ్మ మాటను గౌరవంగా ఒక పక్కన పెట్టాను. నీళ్లలోకి దిగొద్దంది గానీ, నీళ్ల కింద నడవొద్దని అనలేదు కదా!

హెల్మెట్లు పెట్టే ఆవిడ నలుపూ పసుపూ డ్రెస్సులో ఉన్న దృఢమైన మనిషి. ఇంగ్లీషులో ఏవో సైగలు చూపించి వివరిస్తోంది. నేను ఆ సమయంలో పడవ అంచున వంగి, "అగో, అగో, నీలం చాప! తియ్యవే ఫోటో!" అని ఇల్ఫర్డ్ పిల్లను పీక్కు తింటున్నాను.

"అక్కా, షీ ఈజ్ ఎక్స్‌ప్లెయినింగ్ సంథింగ్" అంది ఆ పిల్ల.

"సముద్రం గురించే గదా, కిందికి పోయి జూద్దాం తియ్" అన్నాను.

దిగాను. తల నీళ్ల కిందికి పోయిన క్షణం నిచ్చెనను రెండు చేతులా వాటేసుకున్నాను. మరుక్షణం అంతా నిశ్శబ్దం. చెవుల్లో గాలి బుడబుడ. కాళ్ల కింద మెత్తటి ఇసుక. ఎండ ముక్కలుముక్కలుగా విరిగి ఇసుక మీద కదులుతోంది. ఈతగాడు రొట్టె ముక్క విసిరాడు. అంతే, పసుపు చారల చేపలు గుంపులు గుంపులుగా వచ్చి నా గాజు కిటికీ ముందు నిలబడి నన్ను చూశాయి. నేను వాటిని చూశాను. ఆనందం పట్టలేక, నోటితో చెప్పే వీలు లేక, బొటనవేలు గాల్లోకి (నీళ్లలోకి అనాలి) ఎత్తి సూపర్ అన్నట్టు ఊపాను. ఈతగాడు వెంటనే నా నడుం పట్టుకుని నిచ్చెన ఎక్కించి పైన పెట్టాడు.

టైమ్ అయిపోయిందేమో అనుకున్నాను. కానీ ఇల్ఫర్డ్ పిల్ల ఇంకా కిందే ఉంది. "ఐయామ్ ఓకే, ఐయామ్ ఓకే!" అని బతిమాలి మళ్లీ దిగాను. ఈసారి ఒక చేప వచ్చి నా వేలిని పొడిచింది. ఎంత ముద్దొచ్చిందంటే, ఈతగాడికి రెండు బొటనవేళ్లూ చూపించాను. ఆయన గాభరాగా, ముందుకంటే రెట్టింపు వేగంతో నన్ను పైకి లాక్కుపోయాడు.

హెల్మెట్ తీయగానే నా ఇంగ్లీషు మొత్తం సముద్రంలో పడిపోయింది. "అరే, ఏందిది! నన్నెందుకు ఊకె ఊకె గుంజుకొస్తుండ్రు? నేనేం జేసిన?" అని తెలుగులో అరిచాను.

హెల్మెట్ ఆవిడ చేతిలోది కింద పెట్టి, నా ముఖంలోకి చూసి, స్పష్టంగా, పాఠం అప్పజెప్పినట్టుగా అంది. "నీవు తెలుగు అమ్మాయివా? నేనును తెలుగు దాననే."

ఇక్కడికెలా వచ్చారని అడిగాను. వాళ్ల ముత్తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి చెరకు తోటల్లో పనికి కుదిరారట. ఇంట్లో మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష, తెలుగు బడిలో పుస్తకం పట్టి నేర్చుకున్నదట. ఆ తెలుగులోనే తీర్పు చెప్పింది. "బొటనవ్రేలు పైకి చూపినచో, నన్ను పైకి తీసికొని పొమ్ము అని అర్థము. అంతయు బాగున్నది అనుటకు ఇట్లు సున్న చుట్టవలెను."

"అయ్యో, నాకు ఎవ్వలు జెప్పలే ఆంటీ!"

"మేము చెప్పితిమి. ఆ సమయమున నీవు ఫోటో తీయించుకొనుచుంటివి."

నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంకొక్కసారి పంపమని ఆవిడ చేతులు పట్టుకున్నాను. గాలి పెరుగుతోంది, ఇక ఆఖరి జతకే సమయముంది, ఇద్దరు కలిసి దిగితేనే పంపుతామంది. మా వాళ్లందరూ దిగి వచ్చేశారు. పగడాల బండ వెనకాల ఒక పెద్ద ఆకుపచ్చ చేప ఉందని, అది పళ్లు బయటపెట్టి నవ్వుతుందని ఒకటే చెప్పుకుంటున్నారు. నాకు అది చూడకపోతే ఇక బతుకే లేదనిపించింది. మిగిలింది రోటా సార్ ఒక్కరే. పొద్దున్నుంచీ "బ్యాగులు చూడటానికి ఒకరుండాలి కదా" అంటూ నీడలో కూర్చున్నారు.

"ఇట్స్ ఆన్ ద రోటా" అంది ఇల్ఫర్డ్ పిల్ల, ఆయన గొంతుతోనే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచారు. ఎండకు గులాబీ రంగులోకి తిరిగిన ముఖం అప్పుడు తెల్లబడింది.

కింద అడుగు పెట్టామో లేదో, ఆయన నా చేయి పట్టుకున్నారు. పట్టుకోవడం కాదు, పిండేశారు. కిటికీలోంచి చూస్తే కళ్లు రెండూ కోడిగుడ్లంత ఉన్నాయి. ఈతగాడు సైగ చేసి అడిగాడు, బాగానే ఉందా అని. రోటా సార్ చక్కగా సున్న చుట్టారు. ఈతగాడు ముందుకు రమ్మని బండ వైపు చూపించాడు. నేను ఒకడుగు వేశాను. ఆయన కాళ్లు ఇసుకలో పాతేసినట్టు ఉండిపోయాయి. మళ్లీ అడిగితే మళ్లీ సున్నే. పాపం, తన బ్యాచ్ అంతా పైనుంచి చూస్తుంటే ఆయన వేలు ఎలా లేస్తుంది?

బండ అవతల ఆకుపచ్చగా ఏదో కదిలింది. తోక మాత్రం కనబడింది. నేను దాన్నొకసారి చూశాను, ఆయన కళ్లను ఒకసారి చూశాను. ఇక ఆలోచించలేదు. ఈసారి అర్థం పూర్తిగా తెలిసి, నా బొటనవేలు పైకెత్తాను.

పైకి రాగానే రోటా సార్ గొంతు సవరించుకున్నారు. "అమ్మాయి కాస్త బెదిరింది. పర్ఫెక్ట్‌లీ నేచురల్. వెంటనే పైకి తీసుకొచ్చేశాను" అన్నారు అందరితో. నేను నోరు తెరిచాను. ఆయన చేతిలోని జ్యూస్ గ్లాసు ఒరిగి సగం మోచేతి మీద ఒలికిపోతోంది, ఆయనకు తెలియనే లేదు. నేను నోరు మూసుకుని, "అవును, భయమేసింది" అన్నాను.

హెల్మెట్ ఆంటీ నా భుజానికి తువ్వాలు చుడుతూ చిన్నగా అంది. "ఎవరి చేతిని ఎవరు పట్టుకొనిరో నేను పైనుండి చూచితిని."

"అక్కా, వాట్ డిడ్ షీ సే? దట్స్ నాట్ మై మమ్స్ తెలుగు" అంది ఇల్ఫర్డ్ పిల్ల. జలుబు చేస్తుంది, తల తుడుచుకోమన్నదని చెప్పాను.

ఆ తర్వాత వారమంతా నా బతుకు చంటిపిల్ల బతుకైంది. హోటల్ స్విమ్మింగ్ పూల్ పక్కన కుర్చీలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతున్నా ఎవరో ఒకరు వచ్చి, "ఆర్ యూ ఆల్రైట్ దేర్?" అనేవాళ్లు. వాలీబాల్‌లో నన్ను నీళ్లకు దూరంగా నిలబెట్టారు. బస్సులో సముద్రం వైపు కిటికీ సీటు ఖాళీ ఉన్నా నాకివ్వలేదు. నేను పళ్లు కొరుక్కుని నవ్వుతూ ఉన్నాను.

తిరుగు ప్రయాణం ఇంకో రెండు రోజులుందనగా, శనివారం టిఫిన్ దగ్గర రోటా సార్ నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. టోస్టు మీద వెన్న రాస్తూనే ఉన్నారు, తినరు. చివరికి అన్నారు, "చిన్నప్పుడు కార్న్‌వాల్‌లో ఒక అల నన్ను లాక్కుపోయింది. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు." నేను జామ్ సీసా ఆయన ముందుకు జరిపాను. "రేపు ఆదివారం నీకు పనేమైనా ఉందా? రోటాలో ఏమీ లేదు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరమే పడవలో వెళ్లాం. ఆయన పడవ మధ్యలో, అంచుకు వీలైనంత దూరంగా, లైఫ్ జాకెట్ గొంతు దాకా బిగించి, ఒళ్లో నా హ్యాండ్‌బ్యాగూ చేతిలో నా చెప్పులూ పట్టుకుని కూర్చున్నారు. నేను దిగాను. బండ వెనకాల ఆ పెద్ద చేప నిజంగానే ఉంది, పళ్లన్నీ బయటపెట్టి, పెళ్లిలో ఎదురొచ్చే మామయ్యలాగా నవ్వుతోంది. నాకు అరవాలనిపించింది, ఎగరాలనిపించింది. ఏ వేలు కదిలిస్తే ఏం ప్రమాదమో అని, చేతులు రెండూ జోడించి దానికి నమస్కారం పెట్టాను. ఈతగాడు ఒక క్షణం అయోమయంగా చూసి, తనూ చేతులు జోడించాడు.

అదంతా జరిగి చాలా ఏళ్లయింది. రోటా సార్ రిటైరయ్యారు. నాకిప్పుడు ఇల్లు, పిల్లాడి స్కూలు, డాక్టరు అపాయింట్‌మెంట్లు. ఏదైనా మెషీన్ కొంటే దాని సూచనలన్నీ చదివి గానీ ప్లగ్ పెట్టను. మొన్న ఆఫీసులో, కొత్తగా మారిషస్ వెళ్తున్న ట్రైనీ అమ్మాయి వచ్చి, "అక్కడ చూసేటివి ఏమున్నయ్ మేడమ్?" అని అడిగింది. సన్‌స్క్రీన్ మర్చిపోకు అని మొదలుపెట్టాను. ఎక్కడ ఆపానో నాకే తెలియదు. మధ్యలో ఎవరో మీటింగ్‌కు పిలిచినా వినిపించలేదు. ఆ అమ్మాయి నవ్వుతూ, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. అప్పుడు చూసుకుంటే, బ్రాక్‌నెల్ ఆఫీసులో, బయట సన్నటి వాన పడుతుండగా, నేను బూట్లు విప్పేసి, సాక్సులు కూడా తీసేసి, కాలివేళ్లతో కార్పెట్‌ను మెల్లగా తవ్వుతున్నాను.