తొలికాపు ఆనపకాయ

సూర్యకళకు వారమంతా ఒక ఎత్తు, శని ఆదివారాలు ఒక ఎత్తు. రొయ్యల కంపెనీ ఆఫీసులో ఐదు రోజులు కంప్యూటర్ ముందు బుద్ధిగా కూర్చునే మనిషి, శనివారం తెల్లారేసరికి గోపాలపట్నంలోని అద్దె ఇంటి మేడ మీద కొంగు బిగించి మట్టిలో చేతులు పెట్టేస్తుంది. నాన్న ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేస్తాడు. ఆయన పనికిరాదన్న పాత వలే ఆమె ఆనప పాదుకు పందిరి. మిగిలిన ముక్కలతో సంచులు అల్లుతుంది. చేపలు కడిగిన నీళ్లే ఎరువు. నీసు కంపని పక్కింటివాళ్లు ముక్కు మూసుకున్నా, పాదు ఏపుగా పాకింది.

తొలికాపు మనం తినకూడదు, ఒకరికి పెట్టాలని వాళ్లమ్మ మాట. అందుకే ఆ శనివారం మొదటి కాయను తానల్లిన సంచిలో పెట్టి, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు నారాయణమ్మకు ఇచ్చింది. డెబ్బై ఏళ్ల నారాయణమ్మ పద్మనాభం ఊరి రైతు బిడ్డ. కాయను కళ్లకద్దుకుని మరీ తీసుకుంది.

ఆదివారం పదిన్నరకు సూర్యకళ కుక్కర్లో ఇసుక పోసి, కేకు గిన్నె పెట్టింది. అది అయ్యేలోపు పప్పులోకని రెండో కాయ కోసి, అలవాటుగా తొడిమ దగ్గరి చిన్న ముక్క నాలుక మీద వేసుకుంది.

చేదు. కాకరకాయ చేదు కాదు, గొంతు దాకా పట్టుకునే చేదు. ఉమ్మేసి పుక్కిలించినా పోలేదు. చేదు ఆనపకాయ విషమని, వండినా ఆ విషం పోదని ఆమెకు తెలుసు. నిన్న ఇచ్చిన కాయా ఈ పాదుదే.

స్టవ్ కట్టేసి, మెట్లు దిగుతూనే ఫోను చేసింది. తలుపు వెనక ఫోను మోగుతోంది, ఎత్తే మనిషి లేదు. "మామ్మా! మామ్మా!" అంటూ తలుపు బాదింది. ఎప్పటికో గడియ తీసిన నారాయణమ్మ గోడ పట్టుకుని నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆనపకాయ తిన్నావా మామ్మా?"

"పొద్దున్నే వండుకున్నానే. బాగుంది. ఈ వాంతులు పైత్యానివిలే."

ఆటోలో ఆసుపత్రికి వెళ్లేసరికి ఆమె మెడ నిలపలేకపోతోంది. ఏం తిన్నారని డాక్టరు అడిగాడు.

"రాత్రి సద్దన్నం బాబూ. కడుపు తేడా సేసింది," అంది నారాయణమ్మ తొణక్కుండా.

డాక్టరు మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రాసి ఇంటికి పంపబోయాడు. నిజం చెబితే, సూర్యకళ ఓనరమ్మకు విషం పెట్టిందని వీధంతా అంటుంది. పోలీసులు కూడా రావచ్చు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. దాచుకోవడం ఎందుకు, ఆ నిమిషం ఆమె భయమంతా తన గురించే.

నారాయణమ్మ మళ్లీ వాంతి చేసుకుంది. ఈసారి అందులో ఎర్రటి చార కనిపించింది.

"సేదు ఆనపకాయ తింది సార్! నానే ఇచ్చాను!" సూర్యకళ అరిచిన అరుపుకు అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ముందే చెప్పాలి కదమ్మా!" అంటూ డాక్టరు చేతిలో చీటీ పక్కన పడేసి బీపీ చూశాడు. పడిపోతోంది. పది నిమిషాల్లో మంచం మీదకు చేర్చి సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి బీపీ నిలబడింది. ప్రాణానికి భయం లేదు గానీ రెండు రోజులు ఉండాలన్నారు.

సూర్యకళ మంచం పక్కన కూలబడి ఏడ్చింది. "అంత సేదు ఎలా మింగావు మామ్మా? ఉమ్మీలేకపోయావా?"

"నువ్వంత మురిసిపోతా ఇచ్చావు. తొలికాపుకి వంక పెడతారేటే తల్లీ?" నారాయణమ్మ నీరసంగా నవ్వింది. "నానేటీ పారీలేదు. సగం కూర ఫ్రిజ్జులో దాసాను, రాత్రికి తిందామని."