బాబాయిగారు వెనక్కి తీసుకున్న కార్డు

ఎండలో ఆరేసిన డైవింగ్ సూట్లకి ఒక వాసన ఉంటుంది. రబ్బరు, ఉప్పు, కాస్త చెమట కలిసిన వాసన. ఈమధ్య భార్యాపిల్లలతో లక్షద్వీప్ వెళ్ళినప్పుడు, స్కూబా డైవింగుకి తీసుకెళ్ళే ఆఫీసు గుమ్మంలో ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కౌంటర్లో అమ్మాయి, "మీ సర్టిఫికేషన్ కార్డు ఇస్తారా సార్?" అని చెయ్యి చాపింది. నా పర్సులో రెండున్నాయి. చిన్న కార్డు చూపిస్తే పద్దెనిమిది మీటర్ల లోతు వరకే తీసుకెళ్తారు. పెద్దది చూపిస్తే ముప్ఫై మీటర్ల దాకా దింపుతారు. "పెద్దది ఉందిగా, అదివ్వండి. అంత ఆలోచనేమిటి?" అంది నా భార్య రమ. ఆ పెద్ద కార్డు కథ పదేళ్ళు దాటినా రమకి కూడా చెప్పలేదు నేను.

ఏడుకొండలుగారిది కాట్రేనికోన. నేను బాబాయిగారు అని పిలిచేవాణ్ణి గానీ మా మధ్య బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. తొంభైల మొదట్లో నేను రాజోలు నుంచి మస్కట్ వెళ్ళి ఒక పడవల కంపెనీలో మెకానిక్‌గా చేరేసరికి, ఆయన అక్కడ డైవర్ల జట్టుకి మేస్త్రీ. పడవల అడుగున పట్టిన గుల్లలు గీకడం, నీళ్ళలో పడిపోయిన లంగర్లు వెతికి తియ్యడం వాళ్ళ పని. తనకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాణ్ణయినా నన్ను మీరు అనేవారు. తిట్టాల్సివచ్చినా అండీ తగిలించే తిట్టేవారు. "బుర్రలో ఏవుందండీ బాబూ, కొబ్బరి పీచా?" అనేవారు. నాకు డైవింగ్ నేర్పి, ఆ రెండు కార్డులూ వచ్చేలా చేసింది ఆయనే.

ఒకసారి ఇద్దరం సెలవు మీద వచ్చి ఉన్నాం. కాట్రేనికోన దగ్గర గోదావరి పాయలో ఎవరిదో లంగరు పడిపోయిందని ఆయనకి కబురొచ్చింది. నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. గల్ఫులో ముప్ఫై మీటర్లు దిగే మనిషి, రెండు నిలువుల లోతు కూడా లేని ఆ పాయలో ముందు మెడ వరకూ దిగి చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఒడ్డు దగ్గరే ఒకసారి మునిగి లేచారు. మళ్ళీ ఒకసారి. ఆ తర్వాత గానీ లంగరున్న వైపు కదల్లేదు. పడవలో వాళ్ళకి నవ్వొచ్చింది.

"ఏవండోయ్ ఏడుకొండలుగారూ, మీక్కూడా భయవేనా?"

"ఆయ్, భయవేనండి. నీళ్ళలో దిగి నెల్లాళ్ళయిందండి. ఒళ్ళు మర్చిపోద్ది కదండీ."

లంగరు తీసి ఒడ్డుకొచ్చాక తల తుడుచుకుంటూ నాతో అన్నారు. "ఎక్కడికెళ్ళినా కార్డు మీద ఏం రాసుందో చూసుకోకండి బాబూ. కిందటిసారి ఎప్పుడు దిగేరో చూసుకోండి. ఏడాది దాటితే చిన్న కార్డే ఇవ్వండి. మన పరువేం పోదండి." నేను బుద్ధిగా తలూపాను. తలూపడానికేం ఖర్చు?

ఆయనకి ఒక కోరిక ఉండేది. చేపలు పట్టే ఇంట్లో పుట్టారు, రేవుల్లోని నూనె తెట్టు నీళ్ళలో ఇరవయ్యేళ్ళు పనిచేశారు. "చేపని పట్టకుండా ఊరికే చూడాలండి, పెళ్ళివారిని చూసినట్టు" అనేవారు. తొంభైల చివర ఒక సెలవులో ఆ ముచ్చట తీర్చుకోవడానికి ఇద్దరం అండమాన్ వెళ్ళాం. ఆయన జీవితంలో పనికి కాకుండా సరదాకి చేసిన ప్రయాణం అదొక్కటే.

అక్కడ కౌంటర్ మీద ఆయన చిన్న కార్డు పెట్టారు. చిన్న కార్డుల వాళ్ళని రంగు రంగుల చేపలుండే లోతు తక్కువ చోటికి తీసుకెళ్తారట. మా పక్కన నా ఈడు కుర్రాళ్ళు నలుగురు పెద్ద కార్డులు తీసి పేకముక్కల్లా పరిచారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నేనూ పెద్దదే తీశాను.

"బాబూ, మీరు దిగి రెండేళ్ళయిందండి," అన్నారు బాబాయిగారు మెల్లగా.

"నేనేం కొత్తవాణ్ణి కాదండి బాబాయిగారూ," అన్నాను, ఆ నలుగురికీ వినపడేలా.

ఆయన కౌంటర్ మీది తన చిన్న కార్డు వెనక్కి తీసుకుని, చొక్కా జేబులోంచి పెద్దది తీసి పెట్టారు. "మరి మీ చేపలో?" అన్నాను. "రేపు చూద్దాం లెండి. మిమ్మల్నొక్కర్నీ ఎలా పంపుతానండీ?" అన్నారు.

ముప్ఫై మీటర్ల కింద నీటి లాగుడు గట్టిగా ఉంది. నేను కంగారుపడి గాలి గబగబా పీల్చేస్తున్నాను. సిలిండరులో గాలెంతుందో చూపే ముల్లు చూసుకోవాలన్న సంగతే గుర్తులేదు. గాలి అయిపోవచ్చిందని తెలిసేసరికి బుర్ర పనిచెయ్యలేదు, పైకి తన్నుకుపోబోయాను. అంత లోతు నుంచి ఒక్కసారిగా లేస్తే ప్రాణానికే ప్రమాదం. బాబాయిగారు నా జాకెట్టు పట్టుకుని ఆపి, తన దగ్గరున్న రెండో గాలిగొట్టం నా నోట్లో పెట్టారు. నన్ను పట్టుకునే మెల్లమెల్లగా పైకి తెచ్చారు. ఒక సిలిండరు గాలి ఇద్దరం పీల్చాం. పైకి తేలేముందు మూడు నిమిషాలు ఆగాల్సిన చోటికి వచ్చేసరికి అది కూడా అయిపోయింది. ఆగకుండానే తేలిపోయాం. అలా తేలితే ఒక్కోసారి ఒంట్లో గాలి బుడగలు కట్టి నరాలు దెబ్బతింటాయి. నాకేమీ కాలేదు. ఆయన పడవలో కూర్చుని ఎడమకాలు తిమ్మిరెక్కిందన్నారు. సాయంత్రానికి లేచి నిలబడలేకపోయారు. ఆ జబ్బుకి వైద్యం ఉన్న ఆస్పత్రికి చేర్చడానికి రెండు రోజులు పట్టింది. కాలికి సత్తువ తిరిగి రాలేదు. మస్కట్ ఉద్యోగం పోయింది. ఆయన మళ్ళీ నీళ్ళలో దిగలేదు.

సెలవుకి వచ్చినప్పుడల్లా కాట్రేనికోన వెళ్ళేవాణ్ణి. అరుగు మీద కాలు చాపుకుని వలలు బాగుచేస్తూ ఉండేవారు. "నా మూలంగానే కదండీ బాబాయిగారూ ఇదంతా" అని ఎన్నిసార్లు మొదలుపెట్టానో! ఒక్కసారీ సాగనివ్వలేదు. "ఆ చివర కాస్త పట్టుకోండి బాబూ," అని వల అందించేవారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఆరేళ్ళ తర్వాత గుండెపోటుతో పోయారు. నేను మస్కట్ నుంచి వచ్చేసరికి పెద్దకర్మ రోజు. ఇంటినిండా చుట్టాలు. సత్యవతి పిన్నిగారు నన్ను చూడగానే లేచి వచ్చి, అందరి ముందూ చేతులు జోడించారు.

"ఈ బాబేనండీ. ఆ రోజు ఈ బాబు వద్దంటున్నా వినకుండా పెద్ద కార్డు చూపించి లోతుకి ఎల్లిపోయేరంట మా ఆయన. గాలి అయిపోతే ఈ బాబే పట్టుకుని పైకి తెచ్చేరంట. పోయేదాకా ఆ మాటే చెప్పేవోరు. మీ దయవల్ల ఆరేళ్ళు నా కళ్ళెదురుగా ఉన్నారు బాబూ."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఆయ్," అన్నాను.

లక్షద్వీప్ అమ్మాయికి చిన్న కార్డే ఇచ్చాను. పది మీటర్ల లోతులో పసుపువి, నీలంవి, చారలవి, ఎన్ని చేపలో! బాబాయిగారు చూడాల్సినవి నేను చూస్తున్నానని సిగ్గేసింది. వచ్చే సెలవుకి మళ్ళీ కాట్రేనికోన వెళ్తాను. పిన్నిగారు ఇప్పటికీ కుర్చీ తుడిచి మరీ కూర్చోబెడతారు. ఇంటికొచ్చినవాళ్ళకి నన్ను చూపించి, మా ఆయన్ని బతికించింది ఈ బాబే అని చెబుతారు. కాదని చెప్పాలని ప్రతిసారీ గుమ్మం దాకా అనుకుంటూనే వెళ్తాను.