ముద్ర లేని టేకు పలక

అడవిని కాపాడబోయి అడవి దొంగగా పట్టుబడ్డవాడు ఈ భూమ్మీద ఉంటాడా అని మీరు వెతకనక్కరలేదు. వాణ్ని నేనే. ఎనభైల్లో నస్పూర్‌లో డ్రాయింగు మాస్టరుగా ఉన్నప్పుడు నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెప్తాను, మొహమాటపడకుండా నవ్వండి.

ఆ ఏడు మంచిర్యాలలో అడవుల నరికివేత మీద బడుల ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన బొమ్మ ఆదిలాబాద్ పోతుంది, చేయించిన సారు పేరుతో సహా. ఆ పేరు నాదేనని ఊరంతా చెప్పుకొన్నాను. బొమ్మల సారును నేనే కదా!

ఇంతలో మా లెక్కల సారు రహీం అడ్డొచ్చాడు. జన్మలో కుంచె పట్టని మనిషి. రేంజాఫీసుకు పోయి మా చుట్టుపక్కల అడవి పదేళ్ల లెక్క రాసుకొచ్చాడు. తెల్లగుడ్డ మీద పది గళ్లు గీసి, పిల్లల బొటనవేళ్లు ఆకుపచ్చ రంగులో ముంచి అద్దించాడు. ఒక్కో వేలిముద్ర ఇన్ని ఎకరాలని లెక్క. మొదటి గడి నింపడానికి రెండు తరగతుల పిల్లలు కావలసి వచ్చారు. పదో గడికి ఒక్కడు సరిపోయాడు.

“బొమ్మంటే గిది సార్. సూస్తుంటే పానం కలుక్కుమంటుంది” అన్నాడు హెడ్మాస్టరు, వేరే ఎవరూ దొరకనట్టు నాతోనే.

నాకూ కలుక్కుమంది, అడవి కోసం మాత్రం కాదు. బొమ్మ నిజంగానే బాగుంది. అదే నేను ఓర్వలేకపోయాను.

రహీం సారుది గుడ్డయితే నాది టేకు కావాలనుకున్నాను. తలుపంత పలక మీద మన అడవి పటం చెక్కి, పోయిన అడవినల్లా ఉలితో తొలిచేయాలి. వడ్రంగి ఓదేలు దగ్గరికి పరుగెత్తాను.

“పలకైతే ఉన్నది సార్. కని దీనికి ముద్ర లేదు. జర సోంచాయించు” అన్నాడు.

సర్కారు అమ్మిన మొద్దయితే అటవీ శాఖ వాళ్లు సుత్తితో కొట్టిన ముద్ర ఉంటుంది. లేదంటే దొంగ కట్టె. మా వైపు పాలుతాగే పిల్లలకూ తెలిసిన సంగతే.

“నేను తలుపు చేస్తలేను ఓదేలూ, బొమ్మ చేస్తున్న. బొమ్మకు ముద్రెందుకు?”

“నీ ఇష్టం. నా పేరు మాత్రం తియ్యకు.”

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. ఈ నక్క ఆ వాతలకు కట్టెలు కూడా దొంగవే తెచ్చుకుంది. వారం రోజులు చెక్కాను. ఉలి దెబ్బ దెబ్బకూ రహీం సారు ముఖమే కనబడుతుంటే, కొన్నిచోట్ల లెక్కకన్నా ఎక్కువ అడవినే నరికేశాను.

ప్రదర్శనకు ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఫారెస్టు రేంజరు. ఆయన రహీం సారు గుడ్డ ముందు నిలబడి ఎంతకీ కదలడు. రుమాలుతో కళ్లు కూడా ఒత్తుకున్నాడు. చెమటే అయ్యుంటుంది గానీ నా కడుపు మండిపోయింది. ఆగలేక పోయి ఆయన ముందు నిలబడ్డాను.

“సార్, గుడ్డ మీద ఏమున్నది? జర ఇటు రండ్రి.”

వచ్చి పలక మీద చేయి వేశాడు. “టేకు మంచిగున్నది. యాడిది?”

“అసలైన టేకు సార్. మన అడవిదే, మొన్న మొన్ననే కొట్టింది. పచ్చివాసన ఇంకా పోలే, సూడుండ్రి.”

ఆయన వాసన చూశాడు. పలకను మెల్లగా వెనక్కి తిప్పాడు. “ముద్రేది?”

ఉద్యోగం, జైలు, మా అవ్వ ఏడుపు, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. అప్పుడు ముందుకొచ్చింది ఎవరు? రహీం సారే.

“గీయన దొంగ కాదు సార్. బొమ్మ ధ్యాసల పడి సోయి తప్పిండు. నేను జామీనుంట, ఇడిసిపెట్టుండ్రి.”

జైలుకైనా పోదునేమో గానీ, ఆయన దయతో బయటపడటం మాత్రం నాకు మింగుడుపడలేదు. అయినా నోరు మూసుకొని బయటపడ్డాను.

బహుమతి రహీం సారుకు, పలక రేంజరు జీపుకు పోయాయి. ఎక్కబోతూ రేంజరు నా భుజం తట్టాడు.

“పొద్దటి సంది శానా బొమ్మలు సూసిన సార్. అడవి ఎట్ల పోతుందో నీ అంత సాఫ్ ఎవ్వలూ సూపెట్టలే.”

ఆ రోజే వేములవాడ రాజన్న మీద ఒట్టేశాను. ఇక జన్మలో టేకు మీద బొమ్మ చెక్కను. అసూయ మానతానని మాత్రం ఒట్టెయ్యలేదు. దేవుడి ముందు అబద్ధమాడకూడదు కదా.